ప్రింటర్‌ని పారేసే ముందు



ఆమధ్య పరీక్షల ముందు ఒక సాయంత్రం, హైస్కూల్లో తెలుగు చెప్పే ఒక టీచరమ్మ నాకు ఫోన్ చేశారు. వాళ్ల స్కూల్లో ఉన్న పాత కంప్యూటర్‌కి అంతకు పది రోజుల ముందే నేను లైనక్స్ వేసి వచ్చాను. "బాబూ, అన్నీ బాగానే నడుస్తున్నాయి గానీ ప్రింటర్ మాత్రం ఉలకదు, పలకదు. రేపు పొద్దున్నే పిల్లలకి ప్రశ్నపత్రాలివ్వాలి. ఇక కొత్త ప్రింటర్ కొనాల్సిందే అంటున్నారు. అంత డబ్బు ఎక్కణ్ణించి తేను?" అన్నారు.

వెళ్లి చూశాను. ప్రింటర్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ట్రేలో కాగితాలున్నాయి. తెర మీద ప్రింట్ క్యూ తెరిస్తే, ఒకే ప్రశ్నపత్రం పదకొండు సార్లు వచ్చి నిలబడి ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో 'పాజ్‌డ్' అని ఉంది. బల్ల జరిపినప్పుడు వైరు వదులైంది. ప్రింటర్ అందకపోయేసరికి కంప్యూటర్ ఆ క్యూని ఆపేసింది. తర్వాత ఎవరో వైరు సరిగ్గా బిగించారు కానీ, ఆగిన క్యూని మళ్లీ నడపమని దానికి చెప్పలేదు. పదకొండులో పది రద్దు చేసి, 'రెజ్యూమ్' నొక్కాను. లోపల రోలర్ తిరిగిన చప్పుడు, ఆ తర్వాత వెచ్చవెచ్చగా కాగితం. టీచరమ్మ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తెలుగు అక్షరాలకి వత్తులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నారు. కొత్త ప్రింటర్ మాట మళ్లీ రాలేదు.

ఈ ప్రసంగం ఆ సాయంత్రం గుర్తుపెట్టుకునే చేస్తున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి చాలని పాత కంప్యూటర్లు ఇళ్లల్లో, బడుల్లో, చిన్న దుకాణాల్లో బోలెడున్నాయి. వాటిలో కొన్నింటికైనా లైనక్స్ మింట్, ఉబుంటు, డెబియన్ లాంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొత్త ఊపిరి పోస్తున్నాయి. అలా మారినవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మరి నా ప్రింటర్ పనిచేస్తుందా?"

ఈ ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది. అసలు, ప్రోగ్రామ్‌లను ఎవరైనా చూసి మార్చుకోగలగాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకకే ఒక ప్రింటర్‌తో సంబంధం ఉంది.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో కృత్రిమ మేధ పరిశోధనశాల ఉండేది. అక్కడ రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువ ప్రోగ్రామర్ పనిచేసేవాడు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ఆ సంగతి తెలియక ఎవరి బల్ల దగ్గర వాళ్లు ఎదురుచూస్తూ కూర్చునేవారు. పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో స్టాల్‌మన్ ఒక మార్పు చేశాడు. కాగితం ఇరుక్కోగానే, ప్రింట్ కోసం చూస్తున్నవాళ్ల తెరల మీదికి ఆ కబురు వెళ్తుంది. ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేస్తారు. తర్వాత 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ నుంచి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. మన ఊళ్లలో కాపీ తీయడానికే 'జిరాక్స్' అని పేరు పెట్టుకున్నామే, ఆ కంపెనీయే. కొత్త ప్రింటర్ వేగమైనది, అక్షరం నాణ్యమైనది. కానీ దాని సాఫ్ట్‌వేర్ మూలం, అంటే సోర్స్ కోడ్, ఇవ్వలేదు. అది మరో విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి స్టాల్‌మన్ వెళ్లి అడిగాడు. ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానంటూ ఆయన కాదన్నాడు. ఆ 'కాదు' స్టాల్‌మన్ మనసులో నాటుకుంది. 1983 సెప్టెంబరులో ఆయన అలాంటి స్వేచ్ఛ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, విడుదల చేశాడు. ఈ రెండూ కలిసిన వ్యవస్థనే ఇవాళ మనం లైనక్స్ అని పిలుస్తున్నాం. 

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ప్రింటర్ డ్రైవర్ అంటే ఏమిటి?

వెనకటి రోజుల్లో దొరలకీ మనవాళ్లకీ మధ్య దుబాసీలుండేవారు. ఇటు భాష అటు, అటు భాష ఇటు చెప్పేవారు. డ్రైవర్ అలాంటి దుబాసీయే. మీరు రాసిన ఉత్తరం కంప్యూటర్‌లో అక్షరాలుగా ఉంటుంది. ప్రింటర్‌కి కావలసింది చుక్కలు. ఒక అంగుళానికి 600 చుక్కల చొప్పున ఏ4 కాగితం మొత్తం లెక్కేస్తే, దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అన్నది ఎవరో ఒకరు లెక్కగట్టాలి. ఖరీదైన ప్రింటర్లు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి ఉమ్మడి భాషల్లో పేజీ వర్ణన తీసుకుని, ఆ లెక్క తామే వేసుకుంటాయి. చవక ప్రింటర్లలో ఆ తెలివీ జ్ఞాపకశక్తీ తక్కువ. లెక్కంతా కంప్యూటర్ వేసి, ఆ ప్రింటర్ సొంత భాషలో అందించాలి. ఆ సొంత భాష ఏమిటో కంపెనీ చెబితే దుబాసీ సులువుగా తయారవుతాడు. చెప్పకపోతే, ఎవరో ఓపికున్న ప్రోగ్రామర్ వైరులో పోయే సంకేతాలను గమనించి, నెలల తరబడి కూర్చుని ఆ భాష నేర్చుకోవాలి. లైనక్స్‌లో ఎన్నో డ్రైవర్లు అలా పుట్టినవే. అవి రాసినవాళ్లలో చాలామంది జీతం తీసుకోలేదు.

ఈ దుబాసీలందరినీ ఒక పద్ధతిలో నడిపించే వ్యవస్థ పేరు కప్స్. సీ, యూ, పీ, ఎస్. మైకేల్ స్వీట్ అనే ప్రోగ్రామర్ దీన్ని 1997లో మొదలుపెట్టాడు. 1999లో అందరికీ అందింది. 2002 నుంచి ఆపిల్ కంపెనీ తన మాక్ కంప్యూటర్లలో కప్స్‌నే వాడుతోంది. 2007లో ఆ కోడ్ హక్కులు కొని, మైకేల్ స్వీట్‌ని కూడా ఉద్యోగంలోకి తీసుకుంది. 2019 చివర ఆయన ఆపిల్ వదిలాక, ఓపెన్‌ప్రింటింగ్ అనే ఓపెన్ సోర్స్ బృందం ఈ పనిని తన భుజానికెత్తుకుంది. టిల్ కాంపెటర్ ఆ బృందానికి చాలా ఏళ్లుగా పెద్దదిక్కు. కొత్తవారిని ఓపెన్ సోర్స్ పనిలోకి తెచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా మన దేశపు ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఎందరో ఇందులో చేయి వేశారు. అంటే, స్కూల్లో ఆ పాత కంప్యూటర్ మీద నడిచే ముద్రణ వ్యవస్థా, లక్షల ఖరీదు చేసే మాక్ మీద నడిచేదీ ఒక వేరు నుంచి వచ్చినవే.

ఇక చేతిపని. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి.

ముందు ప్రింటర్ ఆన్ చేసి, వైరు పెట్టండి, లేదా ఇంట్లోని వైఫైకి కలపండి. ఒక నిమిషం ఆగండి. గత అయిదారేళ్లలో వచ్చిన ప్రింటర్ అయితే, చాలాసార్లు మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. ప్రింటర్ పేరు దానంతటదే కనిపిస్తుంది. దీన్ని డ్రైవర్‌లెస్ ప్రింటింగ్ అంటారు. దుబాసీ అవసరం లేకుండా ప్రింటరూ కంప్యూటరూ ఒకే ఉమ్మడి భాషలో మాట్లాడుకోవడం. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. 2013లో ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఐపీపీ ఎవ్రీవేర్ అనే ప్రమాణం ప్రకటించింది. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ అయ్యే ప్రింటర్లు దాదాపుగా ఇలాంటి భాషే మాట్లాడతాయి. 2021లో వచ్చిన డెబియన్ 11 నుంచి, వైరుతో కలిపిన ప్రింటర్లకీ ఈ సౌకర్యం వచ్చింది. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ పేరు ఐపీపీ-యూఎస్‌బీ.

పేరు దానంతటది కనిపించకపోతే, ఉబుంటులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ప్రింటర్స్' తెరవండి. లైనక్స్ మింట్‌లో మెనూలో 'ప్రింటర్స్' అని వెతకండి. 'యాడ్' నొక్కితే, దొరికిన ప్రింటర్ల జాబితా వస్తుంది. మీదాన్ని ఎంచుకుంటే, సరిపడే డ్రైవర్‌ని అదే సూచిస్తుంది. చివర్లో టెస్ట్ పేజీ తీయమంటుంది. తప్పకుండా తీయండి.

ఇంకో దారి కూడా ఉంది. ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ తెరిచి, పైన అడ్రస్ గడిలో లోకల్‌హోస్ట్ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా టైప్ చేసి, తర్వాత రెండు చుక్కల కోలన్, తర్వాత 631 అని కొట్టండి. ఇంటర్నెట్ లేకపోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది, ఎందుకంటే అది మీ కంప్యూటర్‌లోనే ఉన్న కప్స్ గది. 'అడ్మినిస్ట్రేషన్'లోకి వెళ్లి ప్రింటర్ చేర్చవచ్చు, ఆగిన క్యూని నడిపించవచ్చు. పాస్‌వర్డ్ అడిగితే, మీరు కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు కొట్టేదే కొట్టండి.

ప్రింటర్ చేర్చాక ఒక పని మరిచిపోకండి. పేపర్ సైజు చూడండి. అమెరికాలో వాడే 'లెటర్' కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మనం వాడే ఏ4 210 వెడల్పు, 297 పొడవు. కొన్ని సార్లు సెట్టింగ్ లెటర్ మీదే ఉండిపోతుంది. అప్పుడు మార్జిన్లు తప్పుతాయి, కొన్ని ప్రింటర్లయితే లెటర్ కాగితం పెట్టమని దీపం మిణుకుమిణుకుమంటూ మొండికేస్తాయి. మనం చెడిపోయిందనుకుంటాం. 'ఏ4' అని ఒక్కసారి మార్చి పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మన ఊళ్లలో బాగా కనిపించే ప్రింటర్ల సంగతి విడివిడిగా చెబుతాను.

హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌ప్లిప్ అనే ప్యాకేజీ ఉంది. దాన్ని ఆ కంపెనీయే ఓపెన్ సోర్స్‌గా ఇస్తోంది. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, 'హెచ్‌పీ-సెటప్' అని కొడితే, అదే చేయి పట్టుకుని నడిపిస్తుంది. అయితే కొన్ని మోడళ్లకు 'ప్లగిన్' అనే మూసి ఉన్న ముక్క అదనంగా కావాలి. ఆఫీసుల్లో ఏళ్లుగా కనిపించే లేజర్‌జెట్ 1020 అలాంటిదే. ఆ ప్రింటర్ తన లోపలి ప్రోగ్రామ్‌ని తానే దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ ప్రోగ్రామ్‌ని దానిలోకి పంపాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, కాగితం మాత్రం రాదు. 'హెచ్‌పీ-ప్లగిన్' అని కొట్టి అది తెచ్చుకోండి. హెచ్‌ప్లిప్ వెర్షన్ మారినప్పుడు ప్లగిన్ కూడా అదే వెర్షన్‌ది మళ్లీ తెచ్చుకోవాలి. 

ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకు ఈఎస్‌సీపీఆర్ అనే డ్రైవర్ ఉంది. డెబియన్, ఉబుంటు, మింట్ వాడేవాళ్లు 'ప్రింటర్-డ్రైవర్-ఈఎస్‌సీపీఆర్' అనే ప్యాకేజీ పెట్టుకుంటే సరిపోతుంది. బ్రదర్ లేజర్ ప్రింటర్లలో చాలావాటికి 'బీఆర్‌లేజర్' అనే డ్రైవర్ ఉంది. కేనన్ ఎల్‌బీపీ 2900 మన దేశంలో బాగా అమ్ముడైన ప్రింటర్. అది క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది. దానికి కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ ఒకటుంది, ఔత్సాహికులు ఆ భాషను వెదికి పట్టుకుని రాసిన క్యాప్ట్‌డ్రైవర్ ఇంకొకటుంది. ఈ ప్రింటర్ పెట్టడానికి కాస్త ఓపిక కావాలి, తెలిసినవారు పక్కనుంటే మంచిది. బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల సంగతికొస్తే, వాటిలో ఎక్కువ భాగం పాత ఎప్సన్ సంకేతాలను అర్థం చేసుకుంటాయి. కప్స్‌తోనే వచ్చే 'ఎప్సన్ 9-పిన్' డ్రైవర్ ఎంచుకుని చూడండి. 

స్కానర్ కూడా కలిసి ఉన్న ప్రింటరైతే, ప్రింటింగ్ వేరు, స్కానింగ్ వేరు అని గుర్తుంచుకోండి. స్కానింగ్ చూసుకునే వ్యవస్థ పేరు సేన్. 'సింపుల్ స్కాన్' లేదా 'డాక్యుమెంట్ స్కానర్' అనే అప్లికేషన్ తెరిస్తే, ఆధార్ కార్డు కాపీ తీసినంత తేలిగ్గా పనవుతుంది.

ఇక మన తెలుగు సంగతి. ప్రింటర్ పెట్టాక, ఇంగ్లీషు టెస్ట్ పేజీతో సరిపెట్టుకోకండి. లిబర్‌ఆఫీస్ తెరిచి ఒక వరుసలో నాలుగు మాటలు రాయండి: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, కృష్ణ. స్త్రీలో సకారం కింద త వత్తు, దాని పక్కన రావత్తు, పైన గుడి దీర్ఘం, అన్నీ తమ తమ చోట్ల కూర్చున్నాయా చూడండి. ఈ కూర్పు చేసేది ప్రింటర్ కాదు. హార్ఫ్‌బజ్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, మీ ఫాంటులో ఉన్న నియమాల ప్రకారం వత్తుల్ని అమరుస్తుంది. తెర మీద సరిగ్గా ఉండి కాగితం మీద తేడా వస్తే, ఆ పత్రాన్ని ముందు పీడీఎఫ్‌గా దాచి, ఆ పీడీఎఫ్‌ని ప్రింట్ చేయండి. అందులో ఫాంటు కూడా కలిసిపోయి ఉంటుంది కాబట్టి, జిరాక్స్ షాపుకి తీసుకెళ్లినా వత్తులు చెదరవు. డెబియన్, ఉబుంటులలో 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీ పెట్టుకుంటే తెలుగు ఫాంట్లు వస్తాయి. లైనక్స్‌ని తెలుగులోకి తేవడానికి హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఏళ్లుగా కృషి చేస్తున్నారు. ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌లోనూ తెలుగు ఉంది.

అన్నీ చేసినా ప్రింట్ రాకపోతే కంగారు పడకండి. వరుసగా చూడండి. వైరు బిగువుగా ఉందా? క్యూ పాజ్‌లో ఉందా? ఒకే ప్రింటర్ రెండు పేర్లతో చేరి, పనిచేయని పేరుకి ఉత్తరం వెళ్తోందా? డిఫాల్ట్ ప్రింటర్ ఏది? వైరు సంగతి తప్ప మిగతావి ఒక్క ఆదేశంతో తెలుస్తాయి. టెర్మినల్ తెరిచి 'ఎల్‌పీస్టాట్' అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, 'టీ' కొట్టండి. ప్రింటర్ల పేర్లు, వాటి స్థితి, క్యూలో ఉన్న పనులు అన్నీ కళ్ల ముందుంటాయి. నా అనుభవంలో సగానికి సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోయాయి.

భద్రత గురించి ఒక్క మాట. 2024 సెప్టెంబరులో కప్స్‌కి తోడుగా ఉండే ఒక ప్రోగ్రామ్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడింది. కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టే లోపాన్ని బయటివారు పట్టుకోగలిగారు, త్వరలోనే మరమ్మతులూ వచ్చాయి. ఆ మరమ్మతు మీ కంప్యూటర్‌కి చేరాలంటే మీరు అప్‌డేట్లు పెట్టుకోవాలి. వాయిదా వేయకండి.

కొత్త ప్రింటర్ కొనే ఆలోచన ఉంటే, దుకాణంలో రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, దీనికి ఎయిర్‌ప్రింట్ ఉందా, లేక ఐపీపీ ఎవ్రీవేర్ ఉందా? రెండు, ఇంక్ లేదా టోనర్ మన ఊళ్లో దొరుకుతుందా? మొదటి ప్రశ్నకి 'ఉంది' అని పెట్టె మీదే రాసి ఉంటే, ఆ ప్రింటర్ రేపు ఏ కంప్యూటర్ వచ్చినా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినా దాదాపుగా మాట్లాడుతుంది. ఒక కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేసినంత మాత్రాన మూలన పడదు.

పాత ప్రింటర్ ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. డ్రైవర్ లేదన్న ఒక్క కారణంతో దాన్ని తూకానికి వేయకండి. అందులో మోటారు, రోలర్, లేజర్ అన్నీ బాగానే ఉండి ఉంటాయి. తెగిపోయింది మాట ఒక్కటే. ఆ మాట మళ్లీ కలిపే దుబాసీని ఎక్కడో ఎవరో రాసి, అందరికీ ఉచితంగా పెట్టి ఉండవచ్చు. ఒక గంట వెతకండి. మీ వీధిలో కంప్యూటర్ చదువుకుంటున్న కుర్రాళ్లో, అమ్మాయిలో ఉంటే పిలిచి కూర్చోబెట్టండి. వాళ్లకి పని నేర్చుకున్నట్టూ ఉంటుంది, మీకు ప్రింటర్ నడిచినట్టూ ఉంటుంది. నడిచాక, ఏ మోడలుకి ఏ డ్రైవర్ పెట్టారో ఒక చీటీ మీద రాసి, ప్రింటర్ పక్కన అంటించండి. రేపు మీ తర్వాత వచ్చేవారికి ఆ చీటీయే దారి చూపిస్తుంది.

స్కూల్లో టీచరమ్మ ప్రింటర్ మీద ఇప్పుడు అలాంటి చీటీ ఉంది. అందులో మూడే మాటలు రాశాను: వైరు చూడండి, పాజ్ చూడండి, ఏ4 చూడండి.